చెల్లని బిళ్ళలు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె చిల్లరక్కే. పుస్తకాల కొట్టులో గల్లాపెట్టె దగ్గర ముప్ఫై రెండేళ్ళుగా కూర్చుని, ఎవరికీ ఒక్క చిన్న బిళ్ళ కూడా బాకీ పడకుండా చిల్లర ఇచ్చి పంపినందుకు వచ్చిన పేరది. "చిల్లర లేదు, చాక్లెట్టు తీసుకో" అన్న మాట ఆ కొట్టులో ఎవరూ విని ఎరగరు. వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఈవిడదేదో చిల్లర బుద్ధి కాబోలు అనుకునేవాళ్ళు. రెండోసారి కొట్టుకు వచ్చేసరికి నాలిక కరుచుకునేవాళ్ళు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున కొట్టుకు వస్తే, అద్దం మీద కాగితం అంటించి ఉంది. "చిన్న నాణేలు తీసుకోబడవు." కంప్యూటర్లో కొట్టించిన అరచేయంత అక్షరాలు. చిల్లరక్క చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

లోపల తమ్ముడు జిరాక్స్ మిషన్‌లో కాగితం నింపుతున్నాడు.

"ఒరే తమ్ముడూ, ఏంట్రా ఇది?"

"చదివావుగా."

"చదివాను. తీసుకోబడవు అంట. ఎవరు తీసుకోరు? నేను తీసుకుంటాను."

తమ్ముడు ఆమె కన్నా పదకొండేళ్ళు చిన్న. వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. నాన్న పోయాక కొట్టునీ వాణ్ణీ కలిపే మోసుకొచ్చింది. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే, "కొట్టుకు తాళం వేసే తీరికే లేదు, ఇంకో సంసారం ఎక్కడ తెరవను" అని నవ్వేసేది. ఆ తమ్ముడికిప్పుడు నలభై దాటాయి. నోటీసులు అంటించేంతవాడయ్యాడు.

"అక్కా, కాస్త నా మాట విను" అన్నాడు వాడు, ముందు మెత్తగానే. "బ్యాంకువాడు వీటిని చూస్తేనే మొహం చిట్లిస్తాడు. కాగితం టోకువాడు ముట్టుకోడు. పెన్సిళ్ళవాడు సరేసరి. ఊరందరి దగ్గరా తీసుకునేది మనం, మన దగ్గర తీసుకునేవాడు ఒక్కడూ లేడు. ఏం, మనదేమన్నా నాణేల శ్మశానమా? దారిలో పడితే వంగి ఏరుకునే దిక్కు లేదు వీటికి. వంగితే పట్టిన నడుంనొప్పికి మందులే ఎక్కువవుతాయి."

"నూరు కాగితాలు తీయించుకునేవాడు ఫోనుతో కొట్టేసి పోతాడు. వాడికి చిల్లరతో పనిలేదు. ఒక్క కాగితం కోసం వచ్చేవాళ్ళ సంగతేంటి? మూడు బిళ్ళల కాగితానికి ఐదు బిళ్ళల నాణెం లాగుతావా? మిగతా రెండూ ఎవడబ్బ సొమ్మురా?"

"రెండు బిళ్ళలతో మేడలు కడతామా?"

"మనం కట్టం. వాళ్ళకి మాత్రం అది వారం వారం తగిలే దెబ్బ."

మాట పెరుగుతుండగా మెట్లు కడిగే ముసలావిడ వచ్చింది. అవతలి వీధిలో ఆరంతస్తుల భవనం మెట్లు కడుగుతుందావిడ. వారానికోసారి పని గంటల కాగితం నకలు తీయించుకుని కాంట్రాక్టరుకి ఇవ్వాలి. ఆ ఒక్క కాగితానికీ సరిపడా మూడు బిళ్ళలు గుప్పిట్లో పట్టుకుని వస్తుంది.

"ఇవాళ్టి నుంచి ఐదండీ" అన్నాడు తమ్ముడు, కాగితం అందుకుంటూ.

ముసలావిడ గుప్పిట విప్పలేదు, అలాగని వెనక్కీ తిరగలేదు. చిల్లరక్క లేచి, తమ్ముడి చేతిలోంచి కాగితం లాక్కుని, నకలు తీసి ఇచ్చి, మూడు బిళ్ళలూ తీసుకుని గల్లాపెట్టె పక్కనున్న చిల్లర డబ్బాలో వేసింది. ఆ మోతకి తమ్ముడి మొహం కందగడ్డలా అయింది. ముసలావిడ మెట్లు దిగేదాకా ఓపిక పట్టాడు.

"బయటివాళ్ళ ముందు నన్ను పూచికపుల్లలా తీసిపారేశావు. సరే. నేను కాగితం లోడు తేవడానికి వెళ్తున్నా. తిరిగొచ్చేసరికి ఆ డబ్బాలు కొట్టులో కనిపించకూడదు. కనిపిస్తే నా చేత్తో నేనే మురిక్కాలవలో పోస్తా."

వాడు అన్నంత పనీ చేస్తాడని ఆమెకు తెలుసు. ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో ఇంకా బాగా తెలుసు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక డబ్బాలన్నీ దించి చాప మీద పోసింది. మంచివి సంచుల్లో కట్టి ఇంటికి మోసుకుపోదామని ఆమె ఆలోచన. అరిగిపోయినవీ, వంగిపోయినవీ, ఎవరూ తీసుకోనివీ ఇంకో డబ్బాలో ఉండేవి. వాటిని చెల్లనివి అనేది. చెల్లకపోయినా పారేయడానికి ఆమెకు చేతులు వచ్చేవి కావు.

అప్పటికి పిచిక కూడా వచ్చి చాప మీద చేరింది. పిచిక తమ్ముడి కూతురు, మూడున్నరేళ్ళది. వాళ్ళమ్మ బట్టల ఫ్యాక్టరీలో కత్తిరింపు పని చేస్తుంది, నాలుగింటికి గానీ వదలరు. అందాకా పిల్ల కొట్టులో మేనత్త దగ్గరే. నాణేలు దొంతర పెట్టడమంటే పిచికకి ప్రాణం. "వదినా, వాటితో ఆడనివ్వకండి, నోట్లో పెట్టుకుంటే?" అని మరదలు రెండు మూడుసార్లు అంది. "నా కళ్ళ ముందేగా" అనేది చిల్లరక్క.

రెండు గంటలు దాటి పది నిమిషాలకి ఒక కాలేజీ అమ్మాయి పరుగున వచ్చింది. రెండున్నరకల్లా దరఖాస్తు ఇవ్వాలట, ఇరవై కాగితాలు తీయాలి. తీస్తుంటే మిషన్‌లో కాగితం ఇరుక్కుంది. చిల్లరక్క వెనక తలుపు తీసి, మసి అంటిన చేత్తో కాగితాన్ని ముక్కలు ముక్కలుగా లాగింది. పనంతా కలిపి ఆరేడు నిమిషాలు పట్టింది. ఆ ఆరేడు నిమిషాలూ చాప ఆమె వీపు వైపు ఉంది.

అమ్మాయి వెళ్ళిపోయాక వెనక నుంచి దగ్గు వినబడింది. పొరబోయిన దగ్గులా లేదు. తిరిగి చూస్తే పిచిక నోరు తెరుచుకుని కూర్చుంది. చొంగ గడ్డం మీంచి గౌను మీదికి కారుతోంది. దొంతర్లన్నీ చెదిరిపోయాయి.

"ఏం మింగావే తల్లీ?"

పిచిక గొంతు దగ్గర వేలు పెట్టి చూపించింది. "బిళ్ళ."

చిల్లరక్క గబుక్కున చాప మీద కూర్చుంది. పిల్లని ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు మీద చరిచింది. చొంగ తప్ప ఏమీ రాలేదు. ఊపిరి ఆడుతోంది, ఏడుస్తోంది. నీళ్ళు పట్టబోతే మొహం తిప్పేసుకుంది. ఫోనులో తమ్ముడికి చెప్పింది. వాడు లోడు దారిలో వదిలేసి పది నిమిషాల్లో వచ్చి పడ్డాడు.

సందు చివర ఉన్న డాక్టరు పెద్దవాడు, నెమ్మదైన మనిషి. ఆ వీధి పిల్లల జ్వరాలన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. పిచిక ఛాతీ విన్నాడు, నోట్లోకి లైటు వేసి చూశాడు.

"ఊపిరి బాగానే ఉంది. పిల్లలు నాణేలు మింగడం కొత్తేం కాదు. గొంతు గీరుకుని ఉంటుంది, అందుకే ఆ చొంగ. చాలాసార్లు దానంతటదే దిగి, వెళ్ళాల్సిన దారిన వెళ్ళిపోతుంది. మా ఎక్స్-రే అబ్బాయి ఈ పూట రాడు. రేపు పొద్దున్నే తీయించేద్దాం. ఆయాసం వస్తే మాత్రం వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తండి."

తమ్ముడు పిల్లని భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. మెట్ల మీద ఆగాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు, చాలా చిన్నగా అన్నాడు.

"సంతోషమా అక్కా? ముప్ఫై రెండేళ్ళు డబ్బాల్లో దాచావు. ఇప్పుడు నా కూతురి గొంతులో దాచావు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆ మాట వెంటే ఇంకోటి గుర్తొచ్చింది.

మూడు రోజుల క్రితం కొట్టులో ఫ్యాను రిమోటు పనిచేయడం మానేసింది. పక్క కొట్టు గడియారాల మేస్త్రీ దగ్గర కొత్త సెల్లు కొని వేసింది. నాణెంలా గుండ్రంగా, పలచగా ఉండే బిళ్ళ సెల్లు. పాతది పారేద్దామనుకుంది. మెరుస్తున్న వస్తువుని పారేయడానికి చేయి రాక, మేస్త్రీకి తిరిగి ఇద్దామని చెల్లని బిళ్ళల డబ్బాలో పడేసింది. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయింది.

ఇప్పుడు చెప్పాలి. నాణెమని తెలిస్తేనే ఇంత మాట అన్నవాడు, నాణేల్లో బ్యాటరీ కలిపిందని తెలిస్తే ఏమంటాడు? అయినా అదేనని ఏముంది? డబ్బాలోనే ఉందేమో. ముందు వెళ్ళి చూస్తే సరి. ఉంటే ఈ మాట ఎత్తే పనే లేదు.

"నువ్వు పిల్లని ఇంటికి తీసుకెళ్ళు. నేను కొట్టు కట్టేసి వస్తాను" అంది.

వాడు ఆమె వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. వెనక డాక్టరు గది గోడ గడియారంలో మూడయింది.

కొట్టు తలుపు సగానికి దించి, చాప మీద మోకాళ్ళ మీద కూలబడింది. చెల్లనివన్నీ ఒక్కొక్కటే పక్కకి తీసింది. అరిగినవి, నల్లబడినవి, అంచు వంగినవి. సెల్లు లేదు. మంచివాటిలో కలిసిందేమోనని అవన్నీ దోసిళ్ళతో ఎత్తి మళ్ళీ పోసింది. లేదు. చాప దులిపింది. గల్లాపెట్టె కింద చూసింది. పొడుగు స్కేలు తెచ్చి మిషన్ కింద పెట్టి లాగితే దుమ్ముతో పాటు పెన్ను మూత, రెండు నాణేలు, ఎండిన రబ్బరు ముక్క వచ్చాయి. మళ్ళీ మొదటి నుంచి వెతికింది. ఇందాక వెతికిన చోటే వెతుకుతున్నానని తెలుస్తూనే ఉంది. ఆపితే తర్వాత చేయాల్సిన పనేమిటో కూడా తెలుసు. అందుకే ఆపలేకపోయింది.

"ఏం పోయిందక్కా?" సగం దించిన తలుపు కింద నుంచి గడియారాల మేస్త్రీ తొంగి చూశాడు. కంటికి పెట్టుకునే భూతద్దం ఇంకా నుదుటి మీదే ఉంది.

"ఏం లేదు… ఒక మాట చెప్పు. నువ్విచ్చిన బిళ్ళ సెల్లు లాంటిది, అయిపోయింది అనుకో, పిల్లలు మింగితే ఏమీ కాదుగా? పవరు ఉండదుగా అందులో?"

మేస్త్రీ తలుపు పైకి ఎత్తి లోపలికి వచ్చేశాడు. "ఎవరు మింగారు?"

చాప మీద పిచిక చెప్పులు ఉన్నాయి. మేస్త్రీ వాటి వంక చూశాడు.

"అక్కా, రిమోటు పనిచేయకపోయినా దాంట్లో చంపేంత పవరు మిగిలే ఉంటుంది. గొంతులో ఇరుక్కుని తడి తగిలిందంటే కాలుస్తుంది. లోపల చిల్లు పడిపోతుంది. ప్యాకెట్టు మీద రాసుంటుంది చూడు, రెండు గంటలే గడువు. ఎంతసేపయింది?"

గడియారం మూడున్నర దాటింది. పిచిక మింగి గంటా పావు.

ఇక ఆమె ఆలోచించలేదు. ఫోను తీసింది. తమ్ముడు ఎత్తగానే ఊపిరి బిగబట్టి ఒక్క వరసలో చెప్పేసింది. "తమ్ముడూ, అది నాణెం కాదు. రిమోట్లో పాత సెల్లు. నేనే ఆ డబ్బాలో వేశాను. వెతికాను, లేదు. అది గొంతు కాలుస్తుందట. పిల్లని తీసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తు. రేపటిదాకా ఆగకూడదు. ఇప్పుడే."

అవతల నుంచి పిచిక మూలుగు మాత్రం వినబడుతోంది.

"నీకెప్పుడు తెలుసు?" అన్నాడు.

"ముందు బయల్దేరరా!"

ఈలోపు మేస్త్రీ తన ఫోనులో పెద్దాసుపత్రి అత్యవసర విభాగాన్ని పట్టుకున్నాడు. వాళ్ళు చెబుతున్నది వింటూ చిల్లరక్కకి వినబడేలా అరిచాడు. "ఇంట్లో తేనె ఉందా అని అడుగు! ఏడాది దాటిన పిల్లే అని చెప్పాను. మింగగలిగితే రెండు చెంచాలు పట్టమంటున్నారు. పది నిమిషాలకోసారి, దారిలోనే పట్టాలి, దానికోసం ఆగొద్దంట. ఇంకేం పెట్టొద్దు, వాంతి చేయించొద్దు."

ఆమె ఆ మాటలే తమ్ముడికి అప్పజెప్పింది. అల్మరా తలుపు కొట్టుకున్న చప్పుడు, సీసా మూత కింద పడిన చప్పుడు, తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు.

మేస్త్రీ స్కూటరు వెనక కూర్చుని ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. కొట్టు తలుపు వేసిందో లేదో కూడా చూసుకోలేదు. రెండు చోట్ల ఎర్రదీపం పడింది. మొదటి చోట ఆగారు. రెండో చోట మేస్త్రీ ఆగలేదు. ఆమె కళ్ళు మూసుకుంది.

వాళ్ళు చేరేసరికి తమ్ముడు పిల్లతో ట్యాక్సీ దిగుతున్నాడు. పిచిక ఏడవడం మానేసింది. అది ఏడుపు కన్నా భయంగా ఉంది. గౌను ముందంతా తేనె, చొంగ.

లోపల ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. చేతులు పైకి మడిచిన చొక్కా, వేళ్ళ మధ్య పెన్ను. ఎక్స్-రేకి తీసుకెళ్తూనే నడుస్తూ అడిగింది. "ఎన్నింటికి మింగింది? సరిగ్గా చెప్పండి."

"రెండుంబావుకి" అంది చిల్లరక్క.

"బ్యాటరీ అని ఎప్పుడు తెలిసింది?"

మూడున్నరకి అనొచ్చు. తమ్ముడికి చెప్పింది అప్పుడేగా. పక్కనే వాడున్నాడు.

"మూడింటికి అనుమానం వచ్చింది. మూడున్నర దాటాక చెప్పాను."

డాక్టరమ్మ రాసుకుంది. తమ్ముడు తల తిప్పి అక్క మొహంలోకి చూశాడు. వాడు పుట్టిన నాటి నుంచీ ఆ చూపు ఆమె ఎరగదు.

నాలుగుంబావుకి తెర మీద బొమ్మ కనబడింది. పిచిక మెడ ఎముకల కింద తెల్లటి గుండ్రం. "అంచు చూడండి" అంది డాక్టరమ్మ. "ఒకదాని లోపల ఒకటి, రెండు గీతలు. నాణేనికి ఇలా ఉండదు. బ్యాటరీయే. ఇప్పుడే తీసేయాలి." ఇంకో రెండు నిమిషాల్లో పిచిక మంచం తలుపుల అవతలికి వెళ్ళిపోయింది.

నడవాలో బెంచీ మీద తమ్ముడు ఒక చివర కూర్చున్నాడు. చిల్లరక్క నిలబడే ఉంది. అంతలో మరదలు వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చిందేమో, బట్టల నిండా దారప్పోగులు. "ఏమైంది? నాణెం అన్నారుగా? నాణేనికి ఆపరేషనేంటి?" అని ఇద్దరి మొహాలూ చూసింది.

తమ్ముడు నోరు తెరవబోయాడు. వాడి చేత ఆ మాట చెప్పించడం ఇష్టం లేకపోయింది ఆమెకు.

"నాణెం కాదమ్మా. బ్యాటరీ. నేను చెల్లని బిళ్ళల్లో పడేసి మర్చిపోయాను. నువ్వు వద్దన్నా వాటితో ఆడనిచ్చాను. గుర్తొచ్చాక కూడా అరగంట చెప్పలేదు. వెతుకుతూ కూర్చున్నాను."

మరదలు విన్నది. నడవా అవతలి గోడ దాకా నడిచి, అక్కడున్న ఇంకో బెంచీ మీద వీళ్ళకి వీపు పెట్టి కూర్చుంది. తిట్టినా బాగుండు అనిపించింది చిల్లరక్కకి.

తలుపు పైన ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. ఎవరో తోపుడు బండి తోసుకుంటూ పోయారు. ఒక నర్సు బయటికి వస్తే తమ్ముడూ మరదలూ లేచారు, ఆమె వచ్చింది వీళ్ళ కోసం కాదు. ఇద్దరూ మళ్ళీ ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. మేస్త్రీ నీళ్ళు తెచ్చిచ్చాడు, ఎవరూ తాగలేదు.

ఐదు దాటి ఐదు నిమిషాలకి డాక్టరమ్మ వచ్చింది. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బీ. అందులో నల్లగా కమిలిపోయిన బిళ్ళ.

"తీసేశాం. గొంతు గొట్టంలో ఒకవైపు కాలింది. చిల్లు పడలేదు. కానీ ఇవాళ్టితో అయిపోదు. బ్యాటరీ తీసినా కాలిన చోట కొన్నాళ్ళు ఏమైనా కావచ్చు. నోటితో ఏమీ పెట్టకూడదు, గొట్టంతోనే ఆహారం." డబ్బీ మూత బిగిస్తూ అంది. "రేపు పొద్దుటిదాకా ఆగుంటే నేను ఈ మాటలు చెప్పేదాన్ని కాదు."

మరదలు అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. తమ్ముడు ఆమె పక్కన కూర్చున్నాడు. చిల్లరక్క వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు.

తొమ్మిది రోజులు పిచిక ఆసుపత్రిలో ఉంది. తమ్ముడు పగలు కొట్టు చూసుకుని సాయంత్రం వచ్చేవాడు. మరదలు సెలవు పెట్టి మంచం పక్కనే ఉండిపోయింది. చిల్లరక్క రోజూ వచ్చి నడవాలో కూర్చునేది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఉతికిన బట్టలు తెచ్చి తలుపు దగ్గర పెట్టేది, మాసినవి తీసుకెళ్ళేది.

ఆరో రోజు మరదలు బయటికి వచ్చి పక్కన కూర్చుంది.

"వదినా, ఆ అరగంట ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"దేనికి?"

"వాడు నన్ను కొట్టులోంచి పొమ్మంటాడని. నువ్వు పిచికని ఇక నా దగ్గరికి రానివ్వవని."

"ఆ అరగంట నేను మర్చిపోలేను" అంది మరదలు. "మర్చిపోయానని అబద్ధం చెప్పలేను. కానీ ఒకటి. మీరు నోరు మూసుకుని ఉంటే, నాణెమే అనుకుని పొద్దుటిదాకా చూస్తూ కూర్చునేవాళ్ళం. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కూడా కాదు. అది కూడా మర్చిపోను." లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వేయలేదు.

పదోరోజు రంగు మందు తాగించి ఎక్స్-రే తీశారు. ఎక్కడా కారడం లేదన్నారు. పిచిక ఇంటికి వచ్చింది. గొంతు బొంగురుపోయింది. నెల తర్వాత కాలిన చోట సన్నబడిందని మళ్ళీ తీసుకెళ్ళి ఒకసారి వెడల్పు చేసి పంపారు.

చిల్లరక్క కొట్టుకు తిరిగి వచ్చిన రోజున మొదట చేసిన పని, డబ్బాలు నాలుగూ తీసి తమ్ముడి ముందు పెట్టడం. "నువ్వు అన్నదే నిజం. ఇవి నాకొద్దు. ఎక్కడ పోస్తావో పొయ్యి."

తమ్ముడు లెక్కపుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నాణెం ఏం చేసిందక్కా? ఆ ట్యాక్సీలో కూర్చుని, భగవంతుడా, నాణెమే అయ్యుండాలి, నాణెమే అయ్యుండాలి అని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు." పుస్తకం మూసి మళ్ళీ అన్నాడు. "నువ్వు లేనప్పుడు మెట్లు కడిగే ఆవిడ వచ్చింది. ఐదు ఇచ్చింది. తీసుకున్నాను. మరుసటి వారం రాలేదు. నాలుగు వీధులవతల ఇంకో కొట్టుంది, అక్కడికి నడిచి వెళ్ళిందట, ఆ మోకాళ్ళతో. పోయి పిలుచుకొచ్చాను. మూడే తీసుకుంటున్నా ఇప్పుడు."

అప్పుడు చూసిందామె. అద్దం మీద కాగితం లేదు. దాని బదులు బల్ల కింద కొత్త ఇనుప సొరుగు ఉంది, తాళంతో సహా. "చిల్లర అందులోనే ఉండాలి" అన్నాడు. "చాప మీద కాదు. డబ్బాల్లో కాదు. చెల్లనివి ఒక్కటి కూడా ఉండకూడదు. రిమోటు వెనక మూతకి మేకు కొట్టినంత గట్టిగా టేపు చుట్టాను, విప్పితే నాకు చెప్పి విప్పు."

చెల్లని బిళ్ళలన్నీ సంచిలో కట్టి తనే బ్యాంకుకు మోసుకుపోయాడు. ఎప్పటికో తిరిగొచ్చాడు, చెమటలు కక్కుకుంటూ. "రెండు గంటల పది నిమిషాలు" అన్నాడు. "ఒక్కొక్కదాన్నీ బోర్లించి చూశాడు మహానుభావుడు. పిల్లను చూడ్డానికి వచ్చిన పెళ్ళివారు కూడా అంత పరీక్షగా చూడరు." చిల్లరక్కకి ఆ రోజుల్లో మొదటిసారి నవ్వు వచ్చింది. వాడు నవ్వలేదు గానీ, ఆమె నవ్వుతున్నంతసేపూ అక్కడే నిలబడ్డాడు.

పిచికని మాత్రం మళ్ళీ కొట్టుకు పంపలేదు. మధ్యాహ్నాలు చూసుకునే వేరే ఇల్లు ఒకటి కుదుర్చుకున్నారు. చిల్లరక్క ఆ మాట ఎత్తలేదు. ఎత్తే హక్కు తనకు లేదనుకుంది.

ఒక సాయంత్రం మరదలు ఫ్యాక్టరీ నుంచి వస్తూ కొట్టు ముందు ఆగింది. లోపలికి రాలేదు.

"వదినా, రేపటి నుంచి గట్టి తిండి పెట్టి చూడమన్నారు. నాకొక్కదానికి ధైర్యం చాలడం లేదు. ఆయన చూడలేనంటున్నారు. మీరు రండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కొట్టుకు మాత్రం దాన్ని పంపను. అది అడక్కండి."

"అడగనమ్మా."

మర్నాడు చిల్లరక్క వాళ్ళింటికి వెళ్ళింది. పిచిక ఎత్తు కుర్చీలో కూర్చుని, బొంగురు గొంతుతో "అత్తా" అని కేక పెట్టింది. మరదలు గిన్నెలోంచి గోరంత ఇడ్లీ ముక్క తీసి, వేళ్ళతో నలిపి మెత్తగా చేసి పిల్ల నోటికి అందించింది. పిచిక నమిలింది, నమిలి ఆపింది, పెద్దవాళ్ళిద్దరి మొహాలూ ఎందుకిలా అయ్యాయో అర్థంగాక చూసింది. మళ్ళీ నమిలింది. సన్నటి గొంతు ఒకసారి కదిలింది.

దగ్గు రాలేదు. పిచిక ఇంకో ముక్క కోసం నోరు తెరిచింది. మరదలు గిన్నెను వదిన చేతికి ఇచ్చి, కళ్ళు తుడుచుకోవడానికి అవతలికి తిరిగింది.